అత్తమ్మకు పళ్ళ ఆపరేషన్: ముక్కుతో పీల్చే గ్యాస్ ఇస్తామంటున్నారు, ఫ్లోరైడ్ మెడ ఉన్నవాళ్ళకు పర్వాలేదా?

మర్రిగూడ_కోడలు
అందరికీ నమస్తే. మా అత్తమ్మది మర్రిగూడ మండలం. వయసు అరవైకి దగ్గర. పుట్టినప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగిన మనిషి. గార పళ్ళు చిన్నప్పటి నుంచే ఉన్నాయి, వాటి గురించి ఇప్పుడు బాధ లేదు. మెడ పక్కకు తిరగదు. ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. నడుము వంగింది, వెల్లకిలా పడుకోలేదు, తల కింద రెండు మెత్తలు కావాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటుంది. బీపీ గోళీ కూడా ఉంది.

కింది దవడలో పళ్ళు కదులుతున్నాయి. వెనుక వైపు కొన్నిటికి వేర్లే మిగిలాయి. నల్లగొండలో చూపిస్తే అన్నీ తీసేసి, ఎముక అంచులు సమం చేసి, మానాక కట్టుడు పళ్ళు పెట్టాలన్నారు. ఆమెకు సూది అంటే ప్రాణభయం. కుర్చీలో కూర్చోగానే బీపీ పైది 190 దాటింది, డాక్టర్ ఆ రోజు ముట్టుకోలేదు. "ముక్కుకు చిన్న మాస్క్ పెట్టి గ్యాస్ ఇస్తాం, మెలకువగానే ఉంటారు, భయం తగ్గుతుంది" అన్నారు.

మా మరిది ఒప్పుకోవడం లేదు. మెలకువగా ఉంటే ఇంక మత్తు ఎందుకు, హైదరాబాద్ తీసుకుపోయి పూర్తి మత్తిచ్చి ఒకేసారి తీయిద్దాం అంటాడు. అత్తమ్మేమో "మత్తిస్తే మళ్ళీ లేవను" అని కూర్చుంది. మా ఆయన ఎటూ చెప్పడు. తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

దేవరకొండ_బస్సు
అక్కా, నాకు జ్ఞానదంతం తీసినప్పుడు ఇదే ఇచ్చారు. నాది సూది భయం కాదు. నోట్లో అద్దం పెట్టినా డోకు వస్తుంది, ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టనియ్యను. మాస్క్ పెట్టిన కాసేపటికి వేళ్ళ కొసలు జిలజిలమన్నాయి, కాళ్ళు బరువెక్కాయి, ఇగ డోకు సంగతే మర్చిపోయిన. డాక్టర్ మాటలన్నీ వినబడ్డాయి, జవాబు కూడా చెప్పిన. నవ్వు మాత్రం రాలేదు. దాన్ని నవ్వుల గ్యాస్ అంటారని చదివి పోయిన, కొంచెం డిసపాయింట్ అయిన.

పాలమూరు_పండ్ల_డాక్టర్
మర్రిగూడ_కోడలు గారూ, నేను మహబూబ్‌నగర్‌లో నోటి సర్జరీలు చేస్తాను. ముందు మీ మరిది గారి ప్రశ్నకు జవాబు.

ఆ గ్యాస్ నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిపింది. దాని పని నిద్రపుచ్చడం కాదు, భయాన్ని దించడం. పేషెంట్ కళ్ళు తెరిచే ఉంటారు, "నోరు ఇంకొంచెం తెరవండమ్మా" అంటే తెరుస్తారు, లాలాజలం తామే మింగుతారు, దగ్గొస్తే దగ్గుతారు. మత్తు సూది మాత్రం తప్పదు. చిగుళ్ళ దగ్గర మొద్దుబార్చే లిగ్నోకైన్ సూది ఇవ్వకుండా పన్ను తీయలేం. చాలామంది ఇక్కడే పొరబడతారు. గ్యాస్ ఉంది కదా, సూది ఉండదనుకుని వస్తారు. సూది ఉంటుంది, కానీ అది వస్తోందంటే గుండె గొంతులోకి రాదు.

ఇచ్చే పద్ధతి ఇలా ఉంటుంది. మొదట కొన్ని నిమిషాలు ఒట్టి ఆక్సిజన్. తర్వాత నైట్రస్ కొంచెం కొంచెంగా, 10 శాతం, ఆ పైన 5 శాతం చొప్పున పెంచుతూ మనిషిని చూస్తాం. కూరలో ఉప్పు రుచి చూసుకుంటూ వేసినట్టే. ఒకరికి 25 దగ్గర సరిపోతుంది, ఒకరికి 40 పైన కావాలి. దంత వైద్యానికి తయారైన మిషన్లలో నైట్రస్ 70 శాతం దాటదు, అంటే 30 శాతం ఆక్సిజన్ ఎప్పుడూ పోతూనే ఉంటుంది. మామూలు గాలిలో ఉండేది 21 శాతమే. పని అయ్యాక మళ్ళీ ఓ 5 నిమిషాలు ఒట్టి ఆక్సిజన్. ఒంట్లో అరిగేది దాదాపు ఉండదు, ఊపిరితిత్తుల గుండా వచ్చిన దారినే పోతుంది. అందుకే కాసేపట్లో తేరుకుంటారు.

ఇక మీ అత్తమ్మగారి విషయానికి వస్తే, 180 బై 110 దాటితే అత్యవసరం కాని పళ్ళ పని ఎవరూ మొదలుపెట్టరు. మీ డాక్టర్ ముట్టుకోకపోవడం మంచి పనే. భయం వల్ల ఎగిరిన బీపీ అయితే గ్యాస్‌తో దిగుతుంది. ఇంట్లో కూడా అలాగే ఉంటే ముందు గోళీ సంగతి చూడాలి. ఇంట్లో పొద్దున, సాయంత్రం కొలిచి రాసుకోండి.

సాగర్_కట్ట
అంతా బాగానే చెప్తారు సార్. మా నాన్నకు ఒక చోట (పేరు వద్దు) ఇదే గ్యాస్ పెట్టారు. అయిపోగానే మాస్క్ పీకేసి "లేవండి, తర్వాతి పేషెంట్" అన్నారు. మెట్ల మీదే తలనొప్పి, వికారం, వాంతి. రెండో రోజు దాకా తల బరువు. గ్యాస్ అంటే మా ఇంట్లో అప్పటి నుంచి ఒప్పుకోరు.

మత్తు_డ్యూటీ
సాగర్_కట్ట గారూ, మీరు చెప్పినదాంట్లో నాకు కనిపించేది చివరి ఆక్సిజన్ ఎగ్గొట్టడం. నైట్రస్ ఆపగానే రక్తంలోంచి అది చాలా వేగంగా ఊపిరితిత్తుల్లోకి వచ్చేస్తుంది. ఆ నిమిషాల్లో అక్కడ ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది. అందుకే చివర్లో 100 శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. అది ఇస్తే గదిలోకి పోయే గ్యాస్ కూడా తగ్గుతుంది. పొట్టనిండా తిని రావడం, శాతం ఎక్కువ కావడం కూడా వాంతికి కారణాలే. ఏమైనా "తర్వాతి పేషెంట్" అనే తొందర ఈ పనికి పనికిరాదు.

నేను మత్తు డాక్టర్‌ని. ఈ థ్రెడ్‌లో పండ్ల డాక్టర్ గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూ ఒక్క చోట ఆగుతాను. ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) మెడను తేలిగ్గా తీసుకోవద్దు.

ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసలను కలిపి ఉంచే లిగమెంట్లు గట్టిపడి సున్నం పట్టినట్టవుతాయి. మెడ వెనక్కి వాలదు. పూర్తి మత్తు ఇవ్వాలంటే గొంతులో గొట్టం వేయాలి, దానికి తల వెనక్కి వంచాలి. ఈ పేషెంట్లలో ఆ పనే కష్టం. కెమెరా ఉన్న సన్న గొట్టంతో, ముందే ఏర్పాట్లు చేసుకుని వేయాల్సి వస్తుంది. పక్కటెముకలు కూడా బిగుసుకుపోయి ఉంటే ఛాతీ పూర్తిగా విచ్చుకోదు. కాబట్టి మరిది గారి "పూర్తి మత్తిచ్చి ఒకేసారి" అనే మాట వినడానికి సుఖంగా ఉన్నా, మీ అత్తమ్మ విషయంలో అదే రిస్కున్న దారి. మెలకువగా ఉండి తన ఊపిరి తాను తీసుకునే పద్ధతే మేలు.

కానీ గ్యాస్ ఇస్తున్నప్పుడు ఏదైనా తేడా వస్తే ఊపిరి అందించాల్సింది ఆ మెడతోనే కదా. అందుకని మత్తు డాక్టర్ బిల్డింగ్‌లో ఉన్న చోటే చేయించండి. వేలికి పల్స్ ఆక్సీమీటర్ ఉండాలి. గ్యాస్‌తో పాటు నిద్ర గోళీనో మిడజోలం సూదినో కలుపుతామంటే మాత్రం ఈమె విషయంలో నేను వద్దంటాను. రెండు మత్తులు కలిస్తే మెలకువ గీత దాటిపోవచ్చు.

పాలమూరు_పండ్ల_డాక్టర్
సార్, మీతో పూర్తిగా విభేదించను గానీ ఇలా అంటే జనం ప్రతి చిన్న పనికీ హైదరాబాద్ బస్సెక్కుతారు. ఒట్టి నైట్రస్, 50 శాతం లోపు, కళ్ళు తెరిచి మాట్లాడే పేషెంట్. ఇన్నేళ్ళుగా ఇంత సురక్షితంగా నడిచిన మందులు తక్కువ.

మత్తు_డ్యూటీ
ఆరోగ్యంగా ఉన్న మనిషికైతే నేనూ అదే అంటాను డాక్టర్ గారూ. దేవరకొండ_బస్సు గారికి క్లినిక్‌లోనే ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. వంగిన నడుము, తిరగని మెడ, షుగర్, బీపీ అన్నీ ఒకే మనిషిలో ఉన్నప్పుడు టీచింగ్ ఆసుపత్రి అడుగుతున్నాను, అంతే. దానికి హైదరాబాద్ దాకా ఎందుకు? నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో మెడికల్ కాలేజీలూ డెంటల్ కాలేజీలూ ఉన్నాయి.

పాలమూరు_పండ్ల_డాక్టర్
అది సరే. ఒప్పుకున్నా.

మోడరేటర్
ప్రైవేట్ క్లినిక్‌ల పేర్లు, డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టవద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాం. "నాకు తెలిసిన చోట సగం రేటు" మెసేజీలు కూడా వద్దు.

జడ్చర్ల_అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకు ఆరేళ్ళు. నాలుగు దవడ పళ్ళు పుచ్చిపోయాయి. కుర్చీ చూస్తేనే గుక్కపట్టి ఏడుస్తాడు. పిల్లలకు కూడా ఇదే గ్యాస్ ఇస్తారా? మా అమ్మ మాత్రం పాలపళ్ళే కదా, ఊడిపోతాయి, ఆ వయసులో మత్తేంటని తిడుతుంది.

పాలమూరు_పండ్ల_డాక్టర్
ఇస్తారమ్మా. నిజానికి పిల్లల దగ్గరే దీన్ని ఎక్కువగా వాడతారు. కానీ గుక్కపట్టి ఏడిచే బాబుకు పనిచేయదు. ఏడిచేవాడు నోటితో గాలి పీలుస్తాడు, మాస్క్ ముక్కు మీద ఉంటుంది. "ముక్కుతో పీల్చు నాన్నా" అంటే పీల్చే దశకు వాణ్ణి తేవాలి. మొదటి రోజు ఏ పనీ చేయకుండా ఖాళీ మాస్క్ ఇచ్చి ఆడుకోనిస్తాం. కొన్ని చోట్ల స్ట్రాబెరీ వాసన మాస్కులు ఉంటాయి, పిల్లలు వాటికి పడిపోతారు. మూడు నాలుగేళ్ళ లోపు పిల్లలకు, మాట వినే స్థితిలో లేని పిల్లలకు ఇది కుదరదు. అప్పుడు ఆసుపత్రిలో పూర్తి మత్తు గురించి ఆలోచించాలి.

వెనుక పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. ఇప్పుడే పోతే కింద వచ్చే పళ్ళు వంకర వస్తాయి. అమ్మమ్మగారికి ఈ సంగతి చెప్పండి.

నల్ల_సిలిండర్
నేను గ్యాస్ లైన్ల టెక్నీషియన్‌ని. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు తిరుగుతా. పేషెంట్ బంధువులు కళ్ళతో చూసి పట్టుకోగలిగేవి చెప్తా.

నైట్రస్ సిలిండర్ నీలం రంగు. ఆక్సిజన్ నల్ల సిలిండర్, మెడ దగ్గర తెలుపు. చిన్న సిలిండర్ల తలకాయ మీద రంధ్రాలుంటాయి, మిషన్ వైపు వాటికి సరిపోయే పిన్నులుంటాయి. ఆక్సిజన్‌కు ఒక చోట, నైట్రస్‌కు ఇంకో చోట. ఒకదాని జాగాలో ఇంకోటి బిగించాలన్నా బిగియదు. ఎవరైనా పిన్ను విరగ్గొట్టి బిగించారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకోటి. ఆక్సిజన్ మీటర్ ముల్లు వాడేకొద్దీ దిగుతుంది. నైట్రస్ ముల్లు అట్లా దిగదు, ఎందుకంటే సిలిండర్ లోపల అది ద్రవంగా ఉంటుంది. ద్రవం ఉన్నంతసేపు ముల్లు ఒకే చోట నిలబడుతుంది, ఆఖర్న ఒక్కసారి పడిపోతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్ తూకం వేయాలి. ముల్లు చూసి "ఫుల్ ఉంది" అనేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. నైట్రస్ అయిపోతే పేషెంట్‌కు ప్రమాదం లేదు, మత్తు దిగుతుంది, అంతే. ఆక్సిజన్ అయిపోతే మిషన్ నైట్రస్‌ను తనే కట్ చేయాలి. ఆ కటాఫ్ పని చేస్తుందో లేదో సర్వీసింగ్‌లో చూస్తాం. మీరు "ఈ మిషన్ సర్వీసింగ్ ఎప్పుడైంది?" అని అడగండి. తప్పులేదు. స్టిక్కర్ ఉంటుంది.

మాస్క్‌కు రెండు పైపులుండాలి, ఒకటి గ్యాస్ రావడానికి, ఒకటి వదిలిన గాలిని బయటికి లాగేయడానికి. రెండోది లేకపోతే గదిలో ఉన్న నర్సమ్మ రోజంతా పీలుస్తూనే ఉంటుంది.

మత్తు_డ్యూటీ
టెక్నీషియన్ గారు చివర్లో అన్నది చాలా ముఖ్యం. పేషెంట్ పీల్చేది ఒక్క పూట. సిబ్బంది ఏళ్ళ తరబడి. గాలిని లాగేసే ఏర్పాటు లేని దంత క్లినిక్‌ల్లో వారానికి గంటల కొద్దీ పీల్చిన మహిళా సహాయకులకు గర్భం దాల్చడం ఆలస్యమవుతోందని 1992లోనే పరిశోధన వచ్చింది. అమెరికాలో సిబ్బంది పీల్చే గాలికి సూచించిన హద్దు 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు). మన దగ్గర ఏసీ గది తలుపులు బిగించి పని చేస్తారు, కిటికీ కూడా ఉండదు.

పాలమూరు_పాత_కాగితాలు
మీ చర్చ చదువుతుంటే ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నా. మోడరేటర్ గారు తిట్టకండి.

ఈ గ్యాస్‌కూ పళ్ళకూ బంధుత్వం పాతదే. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఈ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. అంతకుముందు రోజు ఒక ప్రదర్శనలో గ్యాస్ పీల్చినవాడు కాలికి దెబ్బ తగిలినా పట్టించుకోకపోవడం చూశాడట. మరుసటి ఏడాది బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపిస్తే పేషెంట్ అరిచాడు, వెల్స్ నవ్వులపాలయ్యాడు. పండ్ల డాక్టర్ గారు చెప్పినట్టు ఒట్టి ఈ గ్యాస్‌తో నొప్పి పూర్తిగా పోదు కదా.

మన నేలకొస్తే, మత్తు పీల్చడం మీద ఒకప్పుడు ప్రపంచం హైదరాబాద్ వైపు చూసింది. అప్పట్లో మత్తుకు పీల్పించే క్లోరోఫామ్‌తో మనుషులు ఎందుకు చనిపోతున్నారు, ముందు ఆగేది గుండెనా ఊపిరా అన్న తగాదా తేల్చడానికి 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పెట్టారు. నడిపింది బ్రిటిష్ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయన పేరుతోనే 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఊపిరే ముందు ఆగుతుంది, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలని కమిషన్ తేల్చింది. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అప్పట్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకుంటారు.

దేవరకొండ_బస్సు
అన్నా, నిజాం పైసలు పెట్టి లెక్క తప్పు తేల్చిండన్నమాట.

మత్తు_డ్యూటీ
సగం తప్పు. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న సగం ఇవాళ్టికీ మా పాఠమే. ఇక అసలు విషయానికి వద్దాం.

మర్రిగూడ_కోడలు గారూ, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి అన్నారు. ఆ మందు దీర్ఘకాలం వాడితే కొందరిలో విటమిన్ బీ12 తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ ఉన్న కాస్త బీ12ను పనికిరాకుండా చేస్తుంది. నిండుగా ఉన్నవాళ్ళకు ఒక పూట గ్యాస్‌తో ఏమీ కాదు. ముందే అడుగంటిన వాళ్ళకు నరాల మీద దెబ్బ పడొచ్చు. అత్తమ్మ గారికి అరికాళ్ళు తిమ్మిర్లు ఎక్కుతాయా? నడుస్తుంటే దూది మీద నడిచినట్టు ఉందంటారా? మాంసం, గుడ్లు తింటారా?

ఇంకో నాలుగు విషయాలు కూడా కనుక్కోండి. ఈ మధ్య కంటిలో రెటీనా ఆపరేషన్ ఏమైనా అయిందా? షుగర్ వాళ్ళకు రెటీనా అతికించడానికి కంట్లో గ్యాస్ బుడగ నింపుతారు, అది ఉన్నప్పుడు నైట్రస్ పీలిస్తే బుడగ ఉబ్బి చూపే పోవచ్చు. శుక్లం ఆపరేషన్ అయితే భయం లేదు. కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ళుగా వండిన మనిషి అయితే ఊపిరితిత్తులు చూపించాలి. చెవిలో చీము కారుతోందా? ముక్కుతో ఊపిరి సాఫీగా ఆడుతుందా? నోరు మూసి రెండు నిమిషాలు కూర్చోబెట్టండి, తెలిసిపోతుంది. మూడు నెలల లోపు గర్భిణులకు కూడా ఇది ఇవ్వం, అది చదివేవాళ్ళ కోసం చెప్తున్నా.

ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగకుండా మాస్క్ పెట్టే చోటుకు వెళ్ళవద్దు. డబ్బు ఎంతన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు.

మర్రిగూడ_కోడలు
సార్, మీరు ఇంట్లో కూర్చుని చూసినట్టే రాశారు. అరికాళ్ళ తిమ్మిర్లు ఉన్నాయి. షుగర్ వల్లే అనుకుని వదిలేశాం. శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. శుక్లం మాత్రమే తీశారు. నోరు మూసి కూర్చోబెట్టాను, ముక్కుతో బాగానే పీల్చింది, "ఇదేం శిక్షే" అని నన్నే తిట్టింది. ఇంట్లో బీపీ 140 లోపే ఉంటోంది. బీ12 పరీక్షకు ఇచ్చి వస్తాం.

గట్టు_మాస్టారు
ఫ్లోరైడ్ గురించి ఒక మాట. గార పళ్ళు పిల్లల వయసులో, పన్ను పైపొర తయారవుతున్నప్పుడే పడే ముద్ర. పెద్దయ్యాక నీళ్ళు మారినా అది పోదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన ప్రమాణాలు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోర్లలో దీనికి ఎన్నో రెట్లు ఉండేది. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వేసినప్పుడు ఆ ప్రాంతమే ఎందుకో మనందరికీ తెలుసు. ఇప్పటి పిల్లల పళ్ళు తెల్లగా వస్తున్నాయి. ఆ నీళ్ళు రాకముందే పెద్దయినవాళ్ళు ఇప్పుడు అరవైల్లో, డెబ్భైల్లో ఇలా ఆపరేషన్ బల్లల మీదికి వస్తున్నారు. ఆ మెడలను చూసుకోవడం మన జిల్లా మత్తు డాక్టర్లకు ప్రత్యేకంగా నేర్పాలి.

మత్తు_డ్యూటీ
నేర్చుకుంటూనే ఉన్నాం మాస్టారూ, ఏ పుస్తకం కన్నా పేషెంట్ల దగ్గరే ఎక్కువ.

మర్రిగూడ_కోడలు
బీ12 బాగా తక్కువ వచ్చింది. ఫిజీషియన్ సూదులు రాశారు. అత్తమ్మ ఏమందో వినండి: "సూది భయమని గ్యాస్ అన్నరు, గ్యాస్ కోసం సూదులంటరా? మీ తెలివి తగలెయ్య." మా ఆయన మొదటిసారి నవ్వాడు. సూదులు తప్పవా సార్?

మత్తు_డ్యూటీ
తిమ్మిర్లు ఉన్నాయి కాబట్టి సూదులే త్వరగా పనిచేస్తాయి. ససేమిరా అంటే ఎక్కువ మోతాదు బీ12 గోళీలతో కూడా స్థాయి పెరుగుతుంది, ఆ డాక్టర్‌నే అడగండి. తొందరపడి పెట్టుకోవాల్సిన ముహూర్తం కాదిది. స్థాయి సరైందని మళ్ళీ పరీక్షలో చూశాకే గ్యాస్. వీలైతే ఒకే సిట్టింగ్‌లో ముగించండి, దగ్గర దగ్గరగా పదే పదే పీల్చడం వద్దు. పార్టీల్లో బెలూన్లతో ఇదే గ్యాస్ పదే పదే పీల్చి కాళ్ళు చచ్చుబడి వచ్చే కుర్రవాళ్ళకు జరిగేది కూడా ఈ బీ12 దెబ్బే.

సాగర్_కట్ట
సార్, ఒక డౌట్. గ్యాస్ ఎక్కువైందని పక్కనున్నవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?

పాలమూరు_పండ్ల_డాక్టర్
నోరు చూడండి. తెరిచి ఉంచిన నోరు దానంతట అదే మూసుకుపోతుంటే, పిలిస్తే జవాబు ఆలస్యమవుతుంటే, ముఖం చెమటలు పట్టి వికారంగా ఉందంటే ఎక్కువైనట్టే. 5 నుంచి 10 శాతం తగ్గిస్తే ఓ నిమిషంలో సర్దుకుంటుంది. అందుకే మాలో చాలామంది గ్యాస్ ఇచ్చేటప్పుడు నోట్లో బిరడా పెట్టి తెరిచి ఉంచరు. అది పెడితే ఈ గుర్తు మనకు దొరకదు.

తిండి గురించి కూడా చెప్తా, చాలామంది పస్తు ఉండి వస్తున్నారు. షుగర్ ఉన్నవాళ్ళు పస్తు ఉండొద్దు. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, కొంచెం జావో చాలు, రోజూ వేసుకునే బీపీ గోళీ మానొద్దు. పొద్దున మొదటి నంబర్ అడిగి తీసుకోండి. మత్తు దిగినట్టు అనిపించినా బండి నడపొద్దు, వెంట మనిషి ఉండాలి.

మర్రిగూడ_కోడలు
అయిపోయింది అండీ. ఆలస్యమైంది, బీ12 పెరిగేదాకా ఆగాం. ఒక టీచింగ్ ఆసుపత్రిలో చేయించాం. మత్తు డాక్టరమ్మ ముందు రోజే వచ్చి మెడ ఎంత కదులుతుందో చూసింది, నోరు ఎంత తెరుచుకుంటుందో వేళ్ళతో కొలిచింది.

కుర్చీని పూర్తిగా వాల్చలేదు. వీపు వంపు కింద మడిచిన దుప్పటి, మెడ కింద గుడ్డ చుట్ట పెట్టి సగం కూర్చున్నట్టే ఉంచారు. మొదట ఆక్సిజన్. నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. మానిటర్ మీద బీపీ 170 నుంచి మెల్లగా దిగడం చూశాను. డాక్టరమ్మ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది: మీ ఊళ్ళో ఏం పండుతాయి, ఎంతమంది పిల్లలు అని. అత్తమ్మ బత్తాయి తోట గురించి మొదలుపెట్టింది. దళారి కాయలు తీసేసి ధర కోసే కథ సగంలో ఉండగా సూది ఇచ్చారు. ఒక్క క్షణం ఆగి "ఆ, గుచ్చినవ్" అని మళ్ళీ దళారి దగ్గరికే పోయింది. తర్వాత అడిగితే, "నొప్పి తెల్సింది గనీ నన్ను పట్టించుకోలేదు" అంది.

పళ్ళన్నీ తీసి, ఎముక అంచు రాకి, కుట్లు వేశారు. మధ్యలో ఒకసారి "కడుపులో తిప్పుతుంది" అంటే గ్యాస్ తగ్గించారు. చివర్లో ఆక్సిజన్ కొంతసేపు ఉంచారు, నేనే గడియారం చూశాను సాగర్_కట్ట గారూ. ఆ తర్వాత కూర్చోబెట్టి, నడిపించి చూసి పంపారు. కట్టుడు పళ్ళకు చిగురు మానాక, రెండు మూడు నెలలకు రమ్మన్నారు. రాగి జావతోనూ పెసరపప్పు మెత్తగా చేసి ఇస్తేనూ సరిపోతుంది.

మరిదికి ఇంకా కోపం పోలేదు, హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోలేదని.

గట్టు_మాస్టారు
సంతోషం తల్లీ. ఆ బీ12 మందు మానొద్దు, మెట్‌ఫార్మిన్ నడిచినంత కాలం ఏడాదికోసారి పరీక్ష చేయించండి.

జడ్చర్ల_అమ్మ
మా బాబు ఖాళీ మాస్క్ రోజు బాగా ఆడుకున్నాడు, స్ట్రాబెరీదే ఇచ్చారు. గురువారం అసలు పని ఉంది. నిన్నటి నుంచి జలుబు, ముక్కు కారుతోంది, రాత్రి నోరు తెరిచి పడుకున్నాడు. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమైంది. వెళ్ళమంటారా?

పాలమూరు_పండ్ల_డాక్టర్
వెళ్ళొద్దమ్మా, ఫోన్ చేసి మార్చుకోండి. ముక్కు మూసుకుపోతే గ్యాస్ లోపలికే పోదు, పైగా జలుబులో నైట్రస్ మధ్య చెవిలో చేరి ఒత్తిడి పెంచుతుంది, పిల్లలు చెవినొప్పి అని ఏడుస్తారు. ముక్కు పూర్తిగా సాఫీ అయ్యాక తీసుకెళ్ళండి. ఈలోపు చెవి నొప్పి అన్నా, చీము కనిపించినా ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. పన్ను వాచి జ్వరం వస్తే మాత్రం ఆగొద్దు, గ్యాస్ సంగతి పక్కనపెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.